నీ మంత్రగాడు ఇచ్చినవన్నీ

జోసఫ్,

నువ్వు పోయి నేటికి ఏడాది. విజయపురి సౌత్ క్వార్టర్స్‌లో తలా ఒక పాత్ర ఆడుతూ, ఏం జరిగేదీ పాచికలతో తేల్చుకునే మన కథల ఆట మళ్లీ మొదలైంది. మద్రాసు నుంచి తెచ్చిన ఆ ఆట పుస్తకం చూసి ఇప్పటికీ మాస్టారే కథ నడుపుతున్నారు. ఏదీ సొంతానికి ఉంచుకోనని ఒట్టు పెట్టుకున్న నీ మంత్రగాడి పాత్రను ఈసారి నన్ను ఆడమన్నారు.

కథలోని గుహలో నాకు బంగారు గిన్నె దొరికింది. ఒట్టు ప్రకారం దాన్ని మన జట్టులోని మస్తాన్‌కు ఇచ్చేశాను.

"ఊరికే ఇస్తన్నావంటే ఏందో ఉందన్నా! మాస్టారూ, ఇది శాపం గిన్నేమో, పాచిక వేసి చూడండి" అన్నాడు వాడు.

"నీకు అనుమానం చానా ఎక్కువరా" అన్నాను.

"నీ దగ్గర నేర్చుకున్నదేగా!"

నిజమే. నువ్విచ్చిన ప్రతి వస్తువుకూ నేను పాచిక వేయించాను. ఏనాడూ మోసం బయటపడలేదు. అయినా మరుసటి ఆదివారం మళ్లీ వేయించేవాణ్ణి.