కట్టు తడవొద్దు

యాదన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ రోజు కూడా ఇబ్రహీంపట్నంలో పొద్దుటి నుంచి వానే.

ఆ రోజు దవాఖాన నుంచి కాలికి కట్టుతో వచ్చి, నా టీ బండి దగ్గర చీటీ చదివించుకున్నావు. పదిహేను రోజులు మంచం దిగొద్దు, కట్టు తడవొద్దు అని రాసి ఉంది. "మంచమేడున్నది చెల్లె?" అని నవ్వావు. నువ్వు పడుకునేది బస్టాండు అరుగు మీద. కట్టు తడవకూడదని పాల కవర్లు చుట్టి గట్టిగా బిగించింది నేనే. ఆ కవర్ల లోపలే పుండు కుళ్ళింది.

అందుకే ఈ ఏడు బండి వెనక గది కిరాయికి తీసుకుని రెండు మంచాలు వేశాను. మొన్న దవాఖాన నుంచి మల్లయ్యను తీసుకొచ్చాను. మార్కెట్లో బస్తాలు మోసి, అక్కడే షెడ్డు కింద పడుకునే మనిషి. కాలికి ఆపరేషనైంది.

పొద్దున ఇంటి ఓనరు గుమ్మంలో నిలబడి అరిచాడు. "గీడ ఎవడన్న సస్తే రేపు నా రూము ఎవలు తీస్కుంటరు? ఖాళీ చెయ్యి!"

"సావొద్దనే తీస్కొచ్చిన. పుండు మానేదాక ఆయన లేవడు, నేను లేపను. రెండో మంచానికి గూడ మనిషిని పంపుమని దవాఖానల చెప్పొచ్చిన. ఏం జేస్కుంటవో జేస్కో!" అన్నాను.

మల్లయ్య భయపడి చెప్పుల కోసం వెతికాడు. వాటిని తీసి బండిలో దాచాను. పదిహేనో రోజున ఇస్తాను.

వాన ఇంకా దంచుతూనే ఉంది అన్నా. ఇప్పుడే ఆయన కట్టు తాకి చూశాను. పొడిగా ఉంది.