పసుపు పెట్టిన బెల్టు

14 అక్టోబరు 1957
పొద్దున్నే స్టార్టు చేస్తే కీచుమంటోంది. బానెట్ ఎత్తి ఫ్యాన్ బెల్టు తిప్పి చూశాను. లోపలివైపంతా పగుళ్లు. బొటనవేలితో నొక్కితే లోపలికి దిగిపోతోంది. ఇక లాభం లేదు, మార్చాలి. కొత్తది డిక్కీలోనే ఉంది. దసరాకు బోల్టులు తిప్పే పానాలతో పాటు దానికీ పూజ చేసింది నా భార్య సత్తెమ్మ... వీపున పసుపు, కుంకుమ. ఆమెకు నెలలు నిండాయి. పట్నం దవాఖానకు ఈ కారులోనే పోవాలి.

15
కొత్త బెల్టు మల్లేశం బిగించాడు. సత్తెమ్మ తమ్ముడు, ఈ కిరాయి కారు మీద నాతోనే ఉంటాడు. "నువ్వు వొయి తిను బావా, నేను సూస్కుంట." తిని వచ్చేసరికి బానెట్ మూసి ఉంది. చప్పుడు లేదు. ఎత్తి చూద్దామని చేయి పోయింది... బామ్మర్ది చేసిన పనిని వెనకాలే తనిఖీ చేస్తే ఏం బాగుంటుంది? ఇంట్లో తెలిస్తే వారం పాటు నా కూరలో ఉప్పుండదు. చూడలేదు.

17
పటాన్‌చెరు దాటగానే టప్పున తెగింది. ఫ్యాను ఆగింది, రేడియేటర్ కుతకుత. కిరాయికి ఎక్కిన వకీలు సాబు దిగి బస్సెక్కాడు. తెగిన బెల్టు చేతిలోకి తీసుకున్నాను. అవే పగుళ్లు. పసుపు లేదు. వాసన చూస్తే — సబ్బు. కీచుమనకుండా పాతదానికే సబ్బు రుద్దాడు.

18
సంగారెడ్డి కిరాయి కార్ల అడ్డా. నాలాగే కిరాయికి తిప్పే యాదగిరి సేటు కారు బానెట్ ఎత్తి ఉంది. లోపల కొత్త బెల్టు. వీపున పసుపు ఇంకా పోలేదు. పక్కనే మల్లేశం. తల కూడా దించుకోలేదు.
"సేటు నాకు స్టీరింగు ఇస్తనన్నడు బావా. బెల్టు లేక ఆగిన ఆయన బండి నడవాలె గద. నీ కాడ ఎన్నేండ్లు పానాలు అందియ్యాలె?"
"మీ అక్క ఎక్కే బండిరా అది."
"అక్క దవాఖానకు పోయేలోపల ఇంకోటి ఏద్దామనుకున్న..."
అనుకున్నాడట.

19
పొరుగువాడైతే నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి. నా కంచం పక్కన కూర్చుని తిన్నవాడు. సత్తెమ్మకు చెప్పలేదు. ఇప్పుడెలా చెప్పను?

21
పట్నం నుంచి బెల్టు తెచ్చి నేనే వేశాను. బిగింపు చూశాను. మళ్లీ చూశాను.

23
పొద్దుటి నుంచి నొప్పులు. కారు వాకిట్లో పెట్టాను. సత్తెమ్మ గడప దగ్గరే ఆగిపోయింది.
"తమ్ముడు సూసిండా బండి?"
"నేను సూసిన."
"నువ్వు సూస్తే ఏంది? వాడు సూడంది నేనెక్క. పిలువు వాన్ని."
అత్త అప్పుడే వాడి కోసం మనిషిని పంపింది. తనేమో లోపల బట్టలు మూట కడుతోంది. నేను బానెట్ ఎత్తి నిలబడ్డాను, మడ్‌గార్డు మీదే పుస్తకం పెట్టుకుని రాస్తున్నాను. వీధి చివర వాడే... వస్తూనే పానా ఇయ్యి బావా అంటాడు. సత్తెమ్మ చూస్తుండగా ఇవ్వనని ఎలా అనను...