రెండో కంట్రోలర్

తమ్ముడికి,

వీడియో గేముకి రెండో కంట్రోలర్ కొనడం దండగేనా అని అడిగావు. మా ఇంటి సంగతి విని నువ్వే తేల్చుకో.

మా అత్తయ్యగారికీ మామయ్యగారికీ మూడు నెలలపాటు మాటల్లేవు. ఒకే గదిలో కూర్చుని, "ఫ్యాను తగ్గించమని చెప్పమ్మా," "స్వెట్టరు వేసుకోమని చెప్పమ్మా" అంటూ నాచేత కబుర్లు మోయించారు. రెండో కంట్రోలర్ కొని ఇద్దరినీ కార్ల పందెంలో కూర్చోబెట్టాం. రెండో మలుపులో ఆవిడ నోరు తెరిచారు.

"అడ్డం తప్పుకోండి."

"నడపడం రాక నన్నంటావేం?" అన్నారాయన.

ఆ నోళ్లు ఇంతవరకూ మూతపడలేదు.

మాకే వంతు రావడం లేదు. ఇంకో రెండు కొందామని నేను, దుబారా అని మీ బావ. నాలుగు రోజులుగా మా మధ్య మాటల్లేవు. కబురు మోయడానికి అత్తయ్యగారికి తీరిక లేదు, పందెం సగంలో ఉందట. కొనమని మీ బావకి నువ్వైనా చెప్పు.

అక్క