పనసపొట్టు నిలబెట్టిన ఉద్యోగం

పెద్దక్కకి, దిండి నుంచి వీరబాబు దండాలు.

ఫోను గోదాట్లో పడింది, అందుకే ఈ కార్డు. కంగారుపడకు, పడింది ఫోనే, నేను కాదు. ఈ నాలుగో ఉద్యోగం మాత్రం ఊడలేదు.

హౌస్‌బోటులో రోజూ అదే పనీరు కూర వండలేక మానేస్తానంటే, "మానేముందు ఒక్కరోజు నీకు నచ్చింది వండి చూడరా" అన్నావు కదా. మొన్న ఓనరుగారికి చెప్పకుండా పనసపొట్టుకి ఆవ పెట్టి వండి, టూరిస్టులకి వడ్డించేశాను. ఆయన పరిగెత్తుకొచ్చి, "ఎవరు వండమన్నారయ్యా ఇది?" అన్నారు. "మా పెద్దక్కండి" అన్నాను. ఈలోగా వాళ్లు గిన్నె ఊడ్చేసి మళ్లీ అడిగేరు. "సరే, రోజుకో కూర నీ ఇష్టం" అన్నారాయన. అప్పట్నించి పొద్దున్నే పనిలోకి దిగబుద్దేస్తోంది అక్కా.

అటక మీదున్న అమ్మ పొట్టు కొట్టే కత్తి పంపు. మన చెట్టుకి లేత కాయలున్నాయా? నాకు ఈ పని ఇప్పించిన బావగారికి, ఆయన మాట పోలేదని చెప్పు. ఆయన మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లలకి ముద్దులు.

నేను ఉద్యోగం మానేసి వచ్చినప్పుడల్లా అరుగు మీద వేస్తావే, ఆ మడతమంచం ఎత్తేసి అక్కడ కొబ్బరికాయలు పోసుకో.

నీ తమ్ముడు