విప్పని ముడుపు

శుక్రవారం, నస్పూర్

కోడలు లావణ్య నెల తప్పిందని తెలిసి, మనుమల కోసం కట్టిన ముడుపు విప్పుదామని పొద్దున దేవుని అర్రలోకి వెళ్లాను. అప్పుడే తను ఏడుస్తూ వచ్చింది.

"అత్తమ్మా, మొటిమలకు గోళీలు మింగుతున్న. కడుపుతోని ఉంటే బిడ్డకు ముప్పని చర్మం డాక్టర్ ముందే చెప్పిండు. మీ కొడుకు దుబాయిల ఉన్నప్పుడు షురూ చేసిన. సెలవుకొచ్చినంక బంద్ చెయ్యాల్నని యాదికే రాలే."

"ఫికర్ చెయ్యకు బిడ్డా, దేవుడున్నడు," అన్నాను.

సాయంత్రం డాక్టరమ్మ గోళీలు వెంటనే ఆపమంది, స్కానింగుకు కరీంనగర్ పొమ్మంది. బిడ్డ బాగుంటుందని మాత్రం అనలేదు.

ముడుపు ఇంకా అక్కడే ఉంది. విప్పితే మొక్కు తీరిందన్నట్టు. విప్పకుంటే ఈ బిడ్డను నేనే కాదన్నట్టు. దీపం పెట్టాను గాని, దేవుణ్ని ఏమడగాలో తెలియక ఊరికే నిలబడ్డాను...