ఈ రాత్రి మబ్బు పట్టాలి

అరసవల్లి
డిసెంబర్, గురువారం, రాత్రి

వారం నుంచి మా వాతావరణం గ్రూపులో ఒకటే హడావిడి. ఉత్తరాది చలిగాలి ఈ రాత్రికి మన జిల్లాలోకి దిగుతుందని అందరికంటే ముందు చెప్పింది నేనే. మబ్బు పట్టకుండా ఉంటే చాలు, ఇన్నేళ్లలో ఎరగని చలి చూస్తాం. డాబా మీద థర్మామీటరు కట్టి, కూర్చున్నచోట కూర్చోలేక మెట్లెక్కి దిగుతున్నాను.

ఆ ఊపులోనే సాయంత్రం ఊళ్లో ఉన్న బావకు, మా అక్క మొగుడికి, ఫోన్ చేశాను, గొప్ప చెప్పుకోవడానికే.

"ఈ రేత్రి సలి సూడు బావా, అదిరిపోతాది!"



"ఏట్రా, వారం నుంచి తెలిసీ మాకొక్క ముక్క సెప్పలేదేటి? నిన్ననే నారుమడిలో మొలక గింజలు సల్లీసినాను. మొలకలన్నీ సచ్చిపోతాయి. మీ అప్ప మడి మీద కప్పడానికని పాత సీరలన్నీ బయటకు తీస్తన్నాది."

మొలకలకు చలి తగలకుండా రాత్రికి మడి నిండా నీళ్లు పెట్టి ఉంచమని చెప్పబోయాను. అప్పటికే ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

ముక్కూమొహం తెలియని వాళ్లందరికీ చెప్పాను. అప్ప ఇంటికి చెప్పాలని మాత్రం తట్టనే లేదు. నాకు చలి అంటే థర్మామీటరులో అంకె, అంతే...

మబ్బు పడితే చలి తగ్గుతుంది. వారమంతా రావద్దనుకున్న మబ్బు కోసమే ఇప్పుడు మెట్లెక్కుతున్నాను. నా మాట తప్పయితే గ్రూపులో పరువు పోతుంది. పోనీ.

ఇప్పుడే చూసి వచ్చాను. పాదరసం ఇంకో గీత దిగింది. గ్రూపులో నాకు చప్పట్ల మీద చప్పట్లు. ఆకాశం మాత్రం చుక్కలు లెక్కపెట్టుకునేంత తేటగా ఉంది.