తూము దాకా పోయి వెనక్కి

అక్కా,

రేపటికి నువ్వు పోయి ఏడాది. నీ కూతురు నిన్ననే వచ్చింది. అడుగులు లెక్కపెట్టే వాచీ తనకొకటి ఉందని నాకూ ఒకటి తెచ్చింది. అది కట్టుకుంటే నడక సరదాగా ఉంటుందట. సరదాకి లెక్కలెందుకని విసుక్కున్నాను.

పొద్దున్నే ఇద్దరం కోవూరు కాలవ కట్ట మీదికి వెళ్ళాం. మనిద్దరం నడిచిన రోజుల్లో నువ్వు గబగబా తూము దాకా పోయి, నేను రాలేదని వెనక్కి వచ్చి, "రా మే, ఎండెక్కతా ఉంది" అని కసిరి మళ్ళీ ముందుకు పోయేదానివి. నీ కూతురు నాకంటే నిదానం. ఈ రోజు తూము దాకా పోయి, దానికోసం వెనక్కి వచ్చి, కసిరి, మళ్ళీ ముందుకు పోయింది నేను.

ఇంటికొచ్చాక అది నా చెయ్యి తన చేతి పక్కన పెట్టి రెండు వాచీలూ చూసింది.

"ఇద్దరం కలిసే కదా పిన్నీ నడిచినాం, నీకు అంత ఎక్కువ చూపిస్తా ఉందేంది? చెడిపోయినట్టుంది, మార్చుకొస్తాలే."

వద్దన్నాను. ఆ ఎక్కువ నడకంతా నీదే అక్కా. వాచీ ఇంకా చేతికే ఉంది.